రిజల్యూషన్‌ను ‘స్పష్టత’ అనొచ్చా?

ప్రశ్న:
విశాఖలో ఫొటో ఎడిటింగ్ నేర్చుకుంటున్న పిల్లల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాను. ‘ఇమేజ్ రిజల్యూషన్’కి స్పష్టత అనీ, ‘పిక్సెల్ డైమెన్షన్స్’కి పరిమాణం అనీ రాశాను. సరిపోతాయంటారా?

జవాబు:
టీచరుగారూ, స్పష్టత మాత్రం వద్దండీ. స్పష్టత కంటికి కనబడే ఫలితం. ఫోకస్ కుదరాలి, చెయ్యి కదలకూడదు, లెన్స్ శుభ్రంగా ఉండాలి. ఆర్కే బీచ్‌లో ఉప్పుగాలికి లెన్స్ మీద తేమ పట్టిందనుకోండి, ఫొటోలో 4000 × 3000 పిక్సెళ్లున్నా (బొమ్మను కూర్చే చిన్న చిన్న రంగు చుక్కలే పిక్సెళ్లు) మసకగానే వస్తుంది. అప్పుడు పిల్లలు రిజల్యూషన్ పెంచితే బాగవుతుందనుకుని ఎడిటింగ్‌లో అంకెలు మారుస్తూ కూర్చుంటారు.

‘పరిమాణం’తోనూ చిక్కే. పిక్సెళ్లా, అంగుళాలా, ఫైలు ఎన్ని ఎంబీలన్నదా? మూడింటికీ అదే మాట వాడేస్తున్నాం. ‘పిక్సెళ్ల కొలత’ అంటే అనుమానం ఉండదు.

ఇక రిజల్యూషన్‌కి నా ఓటు ‘పిక్సెల్ సాంద్రత’కే. జనసాంద్రత అందరూ బడిలో చదువుకున్నదే. జనం అంతమందే, నేల పెరిగితే సాంద్రత తగ్గుతుంది. ఇక్కడా లెక్క అదే. డాల్ఫిన్స్ నోస్ కొండను 4000 × 3000లో తీశారనుకుందాం. మొత్తం కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు, అంటే 12 మెగాపిక్సెళ్లు. అంగుళానికి 300 చొప్పున ప్రింటు వేస్తే దాదాపు 13.3 × 10 అంగుళాలు వస్తుంది. 100 చొప్పున వేస్తే 40 × 30 అంగుళాలు. ఒక్క పిక్సెల్ పెరగలేదు, తరగలేదు, పలచబడ్డాయంతే. ఫైల్లో అంగుళానికి 72 అని ఉన్నా 300 అని ఉన్నా ఫోన్‌లో చూస్తే ఫొటోలో తేడా ఉండదు. ఆ అంకె ప్రింటు కోసం.

పిల్లల చేత ఈ ఒక్క పని తప్పక చేయించండి. ఫొటోషాప్‌లో ఇమేజ్ సైజ్ తెరిచి, ‘రీశాంపుల్’ దగ్గర టిక్ తీసేసి, 72ని 300 చేయమనండి. అంగుళాలు తగ్గుతాయి, పిక్సెళ్లు కదలవు. టిక్ పెట్టి అదే మార్పు చేస్తే పిక్సెళ్లే పెరిగిపోతాయి. అవి కెమెరా పట్టినవి కావు, పక్కనున్న రంగులను బట్టి సాఫ్ట్‌వేర్ అంచనా వేసి నింపినవి. 800 × 600 బొమ్మను అలా సాగదీస్తే ముఖాలు మెత్తబడిపోతాయి. లేని వివరం పుట్టుకురాదు.

మరొకరు:
సార్, జగదాంబ వైపు ప్రింటింగ్ షాపుల్లో ‘మూడొందల డీపీఐ ఫైల్ తెండి’ అంటారు కదా. అదీ తప్పేనా?

జవాబు:
తప్పనను తమ్ముడూ. డీపీఐ (డాట్స్ పర్ ఇంచ్) నిజానికి ప్రింటర్ అంగుళానికి వేసే సిరా చుక్కల లెక్క, ఫైల్లో ఉండేది పీపీఐ (పిక్సెల్స్ పర్ ఇంచ్), అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్నది. అయినా వాళ్లేం అడుగుతున్నారో అందరికీ తెలుసు. లోటల్లా మరో చోట ఉంది. ఎన్ని అంగుళాల ప్రింటో చెప్పకుండా 300 అంటే ఏమీ చెప్పనట్టే. 6 × 4 ఫొటోకి 300 అంటే 1800 × 1200 పిక్సెళ్లు చాలు. 10 × 6 అడుగుల ఫ్లెక్సీని రోడ్డవతల నుంచి చూస్తారు కాబట్టి 72 సరిపోతుంది, కానీ దానికే 8640 × 5184 కావాలి. చిన్న అంకె ఉన్న ఫైలుకే ఎక్కువ పిక్సెళ్లు పట్టాయి, చూశావా.

టీచరుగారూ, ఇంకొక్కటి. ఫోన్ల ప్రకటనల్లో ‘స్క్రీన్ రిజల్యూషన్ 2400 × 1080’ అని వేస్తారు. అక్కడ ఆ మాటకి అర్థం సాంద్రత కాదు, పిక్సెళ్ల కొలతే. కాబట్టి నోట్సులో కనిపించిన ప్రతి రిజల్యూషన్‌నూ ఒకే మాటతో మార్చేయకండి. రెండంకెల మధ్య గుణకారం గుర్తుంటే కొలత అనీ, అంగుళానికి ఇన్ని అని ఉంటే సాంద్రత అనీ రాయండి. మెనూల్లో పిల్లలకు కనిపించేది ఇంగ్లిషు మాటే కనుక, మొదటిసారి వచ్చిన చోట పక్కనే రిజల్యూషన్ అని కూడా ఉంచండి.