విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక ఎక్కడికి పోతోంది?

బీచ్‌రోడ్ వాకర్:
పొద్దున్నే సబ్‌మెరైన్ మ్యూజియం వైపు వాకింగ్‌కి వెళ్తుంటా. వానాకాలం వచ్చిందంటే చాలు ఇసుక నిలువునా గోడలా తెగిపోయి కొబ్బరి చెట్ల వేళ్ళు బయటపడి వేలాడుతుంటాయి. మా ఫ్రెండ్ గ్లోబల్ వార్మింగ్, సముద్రం ముందుకొచ్చేస్తోంది అంటాడు, ఇంకొకాయన హుద్‌హుద్ తుఫాను తర్వాతే ఇలా అయిందంటారు. అసలు కారణం ఏంటండి?

రిటైర్డ్ సివిల్:
సముద్రమట్టం పెరుగుతున్న మాట నిజమే గానీ అది ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు, ఒక్క సీజన్‌లో ఇంత ఇసుక తెగడానికి అది చాలదు. మన తీరంలో ఇసుక ఒకచోట కుదురుగా ఉండదండి, నైరుతి రుతుపవనాల అలలు దాన్ని గంగవరం వైపు నుంచి భీమిలి వైపు నెట్టుకుంటూ పోతాయి, చలికాలంలో కొంత వెనక్కొచ్చినా మొత్తం మీద నడక ఉత్తరానికే. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి బ్రేక్‌వాటర్లు, అంటే అలల్ని ఆపే రాతి గోడలు, కట్టారు కదా, వచ్చే ఇసుక అక్కడే ఆగిపోతోంది. ఆర్కే బీచ్ నుంచి పోయేది మాత్రం పోతూనే ఉంది. అందుకే అక్కడ పోగైంది డ్రెడ్జర్‌తో తవ్వి పైపుల్లో ఇటు పోస్తుంటారు, నల్లటి నీళ్ళతో ఇసుక కక్కే లావు పైపు చూసే ఉంటారు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చి ఉన్నదాన్ని ఊడ్చేసింది, అంతే.

వైజాగ్ బుల్లోడు:
బీచ్ పొడుగునా బండరాళ్ళు పోసేస్తే గొడవ వదిలిపోద్ది కదా, మాటిమాటికీ ఈ డ్రెడ్జింగ్ ఖర్చేంటి?

పేట కుర్రోడు:
రాళ్ళేస్తే ఏటవుద్దో మా పేటకొచ్చి సూడు గురూ. రాళ్ళున్నకాడ రోడ్డు బాగానే ఉంటది, అవి అయిపోయిన చివర కోత మొదలవుద్ది, మళ్ళీ అక్కడా రాళ్ళు. ఫైబర్ పడవ రాళ్ళ మీద ఎలా లాగుతాం, అడుగు గీరుకుపోద్ది. జనవరి నుంచి గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ళు రాళ్ళెక్కుతాయేటి? మా నాన్న వల్లో తాబేలు పడితే దణ్ణం పెట్టి వదిలేస్తాడు, కూర్మం కదా. ట్రాలర్ వల్లో చాలాసేపు ఇరుక్కుంటే మాత్రం గాలందక చచ్చిపోద్ది, అదీ మనోళ్ళ పనే, దాచక్కర్లేదు.

బీచ్‌రోడ్ వాకర్:
మరి పైపుతో పోసిందీ వానాకాలం రాగానే కొట్టుకుపోద్ది కదండీ, డబ్బు దండగ కాదా?

రిటైర్డ్ సివిల్:
కొట్టుకుపోవడానికే పోసేదండి. జోడుగుళ్ళపాలెం, రుషికొండ దాటి పోవాల్సిన ఇసుక అది, మధ్యలో మనం ఆపాం కాబట్టి మనమే దాటించాలి, హార్బర్ ఉన్నన్నాళ్ళూ. కాకపోతే తాబేళ్ళ సీజన్‌లో గుడ్లున్న చోట పొయ్యకుండా చూసుకోవాలి.