రిచ్‌మండ్ ఓవల్‌లో ఐస్ తీసేసి మంచి పని చేశారా?

లులూదీవి (రిచ్‌మండ్, బీసీ)
మొన్న ఆదివారం మా బావమరిది కాల్గరీ నుంచి వస్తే షటిల్ ఆడదామని ఓవల్‌కి తీసుకెళ్ళాను. వాడు రాకెట్ సంచిలోంచి తీయనే లేదు. పైకప్పు వంక చూస్తూ "ఇంత మంచి ఐస్ ఓవల్‌ని చెడగొట్టి మార్కెట్ యార్డు చేశారు" అన్నాడు. ఇంటికొచ్చేదాకా అదే గొడవ.

తెలియని వాళ్ళ కోసం: 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో లాంగ్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ (400 మీటర్ల గుడ్డు ఆకారపు ఐస్ ట్రాక్ మీద పరుగు, అందుకే ఓవల్ అని పేరు) ఇక్కడే జరిగింది. మొదట బర్నబీ కొండ మీద సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో కడదామనుకున్నారు. 2004లో రిచ్‌మండ్ సిటీ ఆ అవకాశం తన్నుకుపోయింది. ఖర్చు 17.8 కోట్ల డాలర్లు, అందులో క్రీడల నిర్వాహకులు ఇచ్చింది 6.3 కోట్లే. పక్కనే ఉన్న నది ఒడ్డు స్థలం అమ్మి మిగతాది సర్దుకున్నారు. 2008 డిసెంబర్‌లో తెరిచారు. పోటీలు అయ్యాక 400 మీటర్ల ట్రాక్ తీసేసి కోర్టులు, జిమ్, రెండు హాకీ రింకులు పెట్టారు. నా మటుకు నాకు ఇంతకంటే తెలివైన పని కనిపించదు. మీరేమంటారు?

స్కేట్_నాన్న (కాల్గరీ)
మీ బావమరిదికి నా తరఫున ఒక కాఫీ ఇప్పించండి.

తెలివైన పని అంటున్నారు. కాల్గరీ ఓవల్ 1988 ఒలింపిక్స్ కోసం యూనివర్సిటీ క్యాంపస్‌లో కట్టారు. ప్రపంచంలో మొట్టమొదటి ఇండోర్ ఓవల్ అది. క్రీడలు అయిపోయి ఇన్నేళ్ళయినా అక్కడ 400 మీటర్ల ఐస్ ఉంది. మిగులు సొమ్ముతో నిధి పెట్టారు కాబట్టి నిలబడింది. సిండీ క్లాసెన్, క్రిస్టీన్ నెస్‌బిట్ లాంటి కెనడా స్కేటర్లంతా ఆ ఐస్ మీద అరిగిపోయి పైకొచ్చినవాళ్ళే. 2010లో నెస్‌బిట్ వెయ్యి మీటర్ల స్వర్ణం గెలిచింది ఎక్కడనుకున్నారు? మీరు షటిల్ ఆడుతున్న చోటే. ఆ చోట ఇప్పుడు పిల్లలెవరైనా స్కేటు కట్టుకుని 400 మీటర్లు తిరగగలరా?

పాత_పేజీ
చిన్న సవరణ. మొట్టమొదటిది కాల్గరీ కాదు. తూర్పు బెర్లిన్ హోహెన్‌షోన్‌హౌజెన్‌ది, హాలండ్‌లో హీరెన్‌వేన్ ఊళ్ళోని థియాల్ఫ్‌ది రెండూ 1986లోనే కప్పు కింద మొదలయ్యాయి. కాల్గరీ తెరిచింది 1987 సెప్టెంబర్‌లో. ఒలింపిక్స్ వరకు చూస్తే మొదటిది కాల్గరీ. అంతవరకే.

స్కేట్_నాన్న
సరే, మూడోది. దాంతో నా మాట మారిందా?

పాత_పేజీ
మాట మారిందని నేననలేదు. "ప్రపంచంలో మొట్టమొదటి" అని రాశారు, అది తప్పు అన్నాను.

పోలార్‌ఎలుగు
ఒక సందేహం. అసలు ఈ ఆటకి కప్పు ఎందుకు? పాతకాలంలో బయటే ఆడేవాళ్ళు కదా.

స్కేట్_నాన్న
ఇద్దరిద్దరుగా పరుగెత్తిస్తారు, కానీ గెలుపు గడియారం మీద. ముందు జంట వెళ్ళినప్పుడు గాలి లేదు, పదో జంటకి ఎదురుగాలి అంటే అది పోటీయా లాటరీయా? ఎండొస్తే ఐస్ మెత్తబడుతుంది, మంచు పడితే రాపిడి పెరుగుతుంది. పైగా కాల్గరీలో చినూక్ అని ఒక వెచ్చటి గాలి వీస్తుంది. పొద్దున గడ్డకట్టిన ఊరు మధ్యాహ్నానికి కరిగి కారుతుంటుంది. కప్పు లేకపోతే 88లో ఆట నడిపేవాళ్ళు కాదు.

లులూదీవి
ఇదంతా బాగానే ఉంది కానీ నా ప్రశ్న డబ్బు గురించి. ఒలింపిక్స్ రెండు వారాలు. తర్వాత ముప్పై ఏళ్ళు ఆ భవనాన్ని ఎవరు పోషించాలి? ట్యూరిన్ 2006లో కట్టిన ఓవల్ లింగోట్టో ఎగ్జిబిషన్ హాలైంది. ఒక్క 400 మీటర్ల ట్రాక్ హాలంతా ఆక్రమిస్తుంది. ఒకేసారి యాభై మంది కూడా దాని మీద సరిగ్గా సాధన చేయలేరు. రెండు లక్షల దాకా జనం ఉన్న మా ఊరికి అది దేనికి? పైగా మాది సముద్రమట్టం. రికార్డులు కావాలనుకున్నవాడు 1,034 మీటర్ల ఎత్తున్న కాల్గరీకో, 1,425 మీటర్ల సాల్ట్ లేక్‌కో పోతాడు. అక్కడ గాలి పలుచన. ఇక్కడికి ఎవడొస్తాడు?

డచ్చి_అల్లుడు (ఉట్రెక్ట్)
మా హీరెన్‌వేన్ కూడా సముద్రమట్టమే అన్నా. 12 వేల మంది నారింజ టోపీలు పెట్టుకుని వస్తారు 😄

స్కేట్_నాన్న
అదీ! 2022లో బీజింగ్‌లో స్వీడన్ కుర్రాడు నీల్స్ వాన్ డెర్ పోల్ పదివేల మీటర్లు 12:30.74లో కొట్టి ప్రపంచ రికార్డు పెట్టాడు. బీజింగ్ కొండ మీద ఉందా? నార్వేలో హామర్ ఓవల్ చూడండి. తిరగేసిన వైకింగ్ పడవలా ఉంటుంది. చలికాలం ఐస్ వేస్తారు, ఈస్టర్‌కి అందులోనే వేలమంది కంప్యూటర్లు పట్టుకొచ్చి జాతర చేసుకుంటారు. రెండూ నడుస్తాయి, నడపాలనే మనసుంటే.

లులూదీవి
హామర్‌లో రోజూ పొద్దున్నే ముసలమ్మలు టేబుల్ టెన్నిస్ ఆడరు. మాకు ఆడతారు. చలికాలం ఐస్ వేస్తే ఆ ఆరు నెలలు, అదీ వాంకూవర్ వానల్లో, వాళ్ళని ఎక్కడికి పొమ్మంటారు?

పాత_పేజీ
ఇంకో విషయం. శీర్షికలో "ఐస్ తీసేసి" అన్నారు. రెండు హాకీ రింకుల్లో ఐస్ ఉంది. తీసింది 400 మీటర్ల ట్రాక్.

పోలార్‌ఎలుగు
పాత పేజీ గారూ, మీరు టీచరా? 🙏

బర్నబీ_బుల్లోడు
నేను 2010లో ఆ హాల్లోనే ఉన్నా! మగవాళ్ళ 500 మీటర్ల రోజు ఐస్ నున్నగా చేసే కరెంటు బళ్ళు మొరాయించాయి. గంటకి పైనే ఖాళీగా కూర్చున్నాం. చివరికి కాల్గరీ నుంచి వేరే బండి తెప్పించారు. ఇంకో రోజు డచ్చి స్కేటర్ క్రామర్ పదివేల మీటర్ల రేసు. కోచ్ కెమ్కర్స్ చెయ్యి ఊపి తప్పు లేనులోకి పంపాడు. నాలుగు సెకన్లు ముందొచ్చాడు పాపం, డిస్‌క్వాలిఫై. స్వర్ణం కొరియా లీ సుంగ్ హూన్‌కి. నారింజ టోపీలన్నీ ఒక్కసారి నిశ్శబ్దం.

స్కేట్_నాన్న
ఆ రేసు మేమూ చూశాం. అప్పుడు వాంకూవర్ దగ్గర సర్రీలో ఉండేవాళ్ళం. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. "నాన్నా, నేనూ ఇదే చేస్తా" అంది. దగ్గర్లో ఒక క్లబ్బులో చేర్పించాను. హాకీ రింకు మీద 111 మీటర్ల షార్ట్ ట్రాక్. నాలుగేళ్ళు తిరిగాక అక్కడి కోచ్ అన్నాడు, దీని అంగ పెద్దది, మలుపుల్లో నలిగిపోతోంది, లాంగ్ ట్రాక్‌కి తీసుకెళ్ళమని. లాంగ్ ట్రాక్ ఎక్కడ? దాన్ని ఈ పిచ్చిలోకి దింపిన హాల్లో కాదు, దాదాపు వెయ్యి కిలోమీటర్ల అవతల కాల్గరీలో. ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వచ్చేశాం. రాత్రి పదింటికి గ్యారేజీలో జిగ్‌లో (స్కేట్లు కదలకుండా పట్టే చట్రం) స్కేట్లు బిగించి, రాయి మీద నూనె వేసి సానపట్టేవాణ్ణి. బ్లేడు అంచు మీద గోరు పెట్టి లాగితే గోరు సన్నగా లేచిరావాలి, అప్పుడు పదును వచ్చినట్టు. పదిహేడేళ్ళకి మానేసింది. స్నేహితులంతా సర్రీలో ఉండిపోయారు, ఇక్కడ ఎవరూ కలవలేదు. నాకింక డబ్బు లెక్కలు చెప్పకండి.

లులూదీవి
అర్థమైంది. బాధగానే ఉంది. కానీ మీ ఒక్క అమ్మాయి కోసం ఊరంతా పన్ను కట్టాలా?

స్కేట్_నాన్న
"ఒక్క అమ్మాయి"నా? మర్యాదగా మాట్లాడండి.

లులూదీవి
మర్యాదగానే అంటున్నా. నేను 2009లో వచ్చాను. ఇద్దరు పిల్లలతో బేస్‌మెంట్‌లో ఉన్నాం. కిటికీ లేని గది. రాత్రి షిఫ్టు. వానాకాలం పిల్లల్ని ఆడించడానికి చోటు లేక మెట్ల మీద బంతి ఆడేవాళ్ళు, పైన ఓనరు తిట్టేవాడు. అప్పుడే బస్సులోంచి ఈ ఓవల్ కనిపించేది, కొత్తగా మెరుస్తూ. దాని చెక్క కప్పు గురించి పేపర్లో ఎంత పొగిడారో, పురుగు పట్టి చచ్చిన పైన్ చెట్ల కలపట! నాకు ఒళ్ళు మండేది. ఎవడో నెదర్లాండ్స్ నుంచి వచ్చి పది నిమిషాలు పరుగెత్తడానికి ఇంత ఖర్చా అని. రెండేళ్ళ తర్వాత మా పిల్లలు అందులో బాస్కెట్‌బాల్ ఆడారు. మన పిల్లలకి ఈ స్కేటింగ్‌తో ఏం పనండీ? అది వాళ్ళ ఆట. వాళ్ళ తాతలు గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకున్నారు. మనకి దక్కింది కోర్టు, అది చాలు.

స్కేట్_నాన్న
ఇప్పుడు బయటపడింది. ఇంతసేపూ డబ్బు, జనాభా, ముసలమ్మలు అన్నారు. అసలు మాట ఇదన్నమాట, "వాళ్ళ ఆట". మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. దానికి "వాళ్ళు" ఎవరు? నేను విశాఖలో నాలుగు చక్రాల స్కేట్లతో మోకాళ్ళు పగలగొట్టుకున్నవాణ్ణి, ఆ పిచ్చి దానికి నా నుంచే వచ్చింది. రేసుకి ముందు లాకర్ రూములో ఒక తల్లి "మీవాళ్ళు చదువుల్లో బాగుంటారు కదా" అంది దానితో. పదమూడేళ్ళ పిల్లతో. మీరూ అదే అంటున్నారు, తెలుగులో.

డచ్చి_అల్లుడు
🔥 గట్టిగా తగిలింది

లులూదీవి
నేను ఆ ఉద్దేశంతో అనలేదు. ఆ తల్లి అన్నది తప్పే. కానీ బేస్‌మెంట్‌లో ఉన్నప్పుడు నాకు "మన" అంటే ఆ గదిలో ఉన్న నలుగురే. మీకు ఊరు దాటి వెళ్ళే స్థోమత ఉంది, వెళ్ళారు. మాకు నడిచి వెళ్ళగలిగేది ఒక్కటే దొరికింది. దాన్ని ఐస్ కోసం మళ్ళీ ఇచ్చేయమంటే ఇవ్వను. ఇందులో మాత్రం మారను.

పోలార్‌ఎలుగు
క్యూబెక్ సిటీలో 2021లో ఇంకో ఇండోర్ ఓవల్ వచ్చింది కదా. అంటే అవసరం ఉందనేగా?

పాత_పేజీ
క్యూబెక్‌లో అంతకుముందే ఆరుబయట ఓవల్ ఉండేది. దాని చోట కప్పుతో కట్టారు. కొత్తగా పుట్టిన అవసరం కాదు, ఉన్న ఆటకి ఇల్లు.

స్కేట్_నాన్న
పాత పేజీ గారు మొదటిసారి నా వైపు మాట్లాడారు. ఉన్న ఆటకి ఇల్లు. రిచ్‌మండ్‌లో ఇల్లు కట్టి, గృహప్రవేశం కాగానే ఇంటివాళ్ళని పంపించేశారు.

పాత_పేజీ
నేను ఎవరి వైపూ మాట్లాడలేదు.

కొత్త_కోడి (ఎడ్మంటన్)
నమస్తే అండి, గ్రూపుకి కొత్త. పైన అంతా చదవలేదు. మా బాబు స్పీడ్ స్కేటింగ్ మొదలుపెట్టాడు, పన్నెండేళ్ళు. క్లాప్ స్కేట్లు (మడమ దగ్గర బ్లేడు విడివడేవి) కొత్తవి చాలా రేటున్నాయి. స్కేట్ నాన్న గారి దగ్గర పాతవి ఉన్నట్టున్నాయి, అమ్ముతారా?

స్కేట్_నాన్న
అమ్మను.

సైజు ఎంత?