క్రియాటినిన్ నిలకడగా ఉన్నా యాంటీబాడీ పరీక్ష చేయించాలా?

కావలి నుంచి:
మా తమ్ముడికి అమ్మ కిడ్నీ ఇచ్చి ఏడేళ్లయింది. ఆపరేషన్ చెన్నైలో జరిగింది. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.3 దగ్గరే ఉంటోంది. ఈసారి డాక్టరు గారు డీఎస్‌ఏ పరీక్ష రాశారు. దాత కిడ్నీకి వ్యతిరేకంగా రక్తంలో యాంటీబాడీలు పుట్టాయేమో చూస్తారట. ఖర్చు వేలల్లో ఉంది. ఆపరేషన్‌కు ముందు అమ్మ కణాలతో తమ్ముడి రక్తం కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ నెగటివ్ వచ్చింది కదా, మళ్లీ ఎందుకు?

ఒంగోలు నుంచి:
వద్దనే అంటాను. యాంటీబాడీల వల్ల వచ్చే దీర్ఘకాలిక తిరస్కరణకు, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని నెమ్మదిగా దెబ్బతీయడానికి, నిరూపితమైన మందు ఇంతవరకు లేదు. బ్రిటన్‌లో రెండు వేల మందికి పైగా రోగులతో జరిగిన అవుట్‌స్మార్ట్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. యాంటీబాడీలను ముందే కనిపెట్టి మందులు సరిదిద్దినా, కిడ్నీలు పోవడం మాత్రం తగ్గలేదు. మా నాన్నగారి రిపోర్టు పాజిటివ్ అని తెలిసిన నాటి నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆ డబ్బు మందులకు దాచుకోండి.

నెల్లూరు నుంచి:
ఒంగోలు అన్నా, మీ బాధ నాకు తెలుసు. నాకూ మార్పిడి జరిగి 11 ఏళ్లు. అయినా చేయగలిగింది ఏమీ లేదంటే ఒప్పుకోలేను.

క్రాస్‌మ్యాచ్ ఆ రోజు రక్తం సంగతే చెబుతుంది. యాంటీబాడీలు ముందే ఉన్నవారిలో కొత్త కిడ్నీ వెంటనే దెబ్బతింటుందని 1969లో పటేల్, టెరాసాకి చూపించారు. అప్పటి నుంచి కిడ్నీ పెట్టే ముందు క్రాస్‌మ్యాచ్ చూడటం ఆనవాయితీ అయింది. ఏళ్ల తర్వాత పుట్టే యాంటీబాడీల దారి వేరు. అవి కిడ్నీలోని సన్నని రక్తనాళాల లోపలి పొరకు అంటుకుని నెమ్మదిగా గాయం చేస్తాయి. గాయం మానినప్పుడల్లా ఇంకో పొర పుడుతుంది, పాత గోడకు ఏటా సున్నం కొట్టినట్టు. వడపోత చెడి మూత్రంలో ప్రొటీన్ పోతుంది, నురగ కనిపిస్తుంది. క్రియాటినిన్ పెరిగేది చాలా ఆలస్యంగా. అందుకే 1.3 చూసి ధైర్యపడవద్దు.

అందరికీ వరుసబెట్టి పరీక్ష చేస్తే లాభం కనిపించలేదన్నదే ఆ అధ్యయనం సారం. ఈ తమ్ముడికి ఎందుకు రాశారన్నది వేరే ప్రశ్న. మూత్రంలో ప్రొటీన్ ఎంత? తిరస్కరణ రాకుండా వేసుకునే టాక్రోలిమస్ మాత్ర లెవెల్ రక్తంలో పడిపోయిందా? మాత్రలు తప్పాయా? కొత్త యాంటీబాడీలు ఎక్కువగా మందు చాలనిచోటే పుడతాయి. 2024లో ఫెల్జార్టమాబ్ అనే కొత్త మందు 22 మందితో జరిగిన చిన్న ప్రయోగంలో ఆశ కలిగించింది. కానీ ఆపాక కొందరిలో తిరస్కరణ తిరగబెట్టింది. మన చేతిలో ఉన్నది టాక్రోలిమస్ మాత్రే.

లెవెల్‌కు రక్తం ఇచ్చే రోజు ఉదయం మాత్ర వేసుకోకూడదు. నేను చొక్కా జేబులో పెట్టుకుని వెళ్తాను, సూది తీసిన వెంటనే వేసుకుంటాను. ఈ సంగతి నాకు మూడేళ్ల దాకా ఎవరూ చెప్పలేదు. అప్పటి లెవెల్స్ అన్నీ ఎక్కువగా కనిపించి, మోతాదు సరిపోతోందనుకున్నాం.

కావలి నుంచి:
రాత్రి తమ్ముడి మాత్రల డబ్బా తెరిచి చూశాను. ఈ వారంలోనే రాత్రి గళ్లు మూడు నిండుగా ఉన్నాయి. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా పడినప్పుడు డబ్బా ఇంట్లోనే ఉండిపోతోందట. అమ్మకు ఇంకా చెప్పలేదు. సోమవారం లెవెల్‌కూ డీఎస్‌ఏకూ కలిపి రక్తం ఇప్పిస్తున్నాం.