ఆడ పైలట్ల సంఘం నైంటీ నైన్స్‌లో చేరినవాళ్లు, ఫ్లై-ఇన్‌లకి (పైలట్లు విమానాలేసుకొచ్చి కలిసే మేళాలకి) వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కృష్ణఒడ్డు:
అందరికీ నమస్తే. డాలస్ దగ్గర ఉంటాం, పైలట్ లైసెన్స్ ట్రైనింగ్‌లో ఉన్నా, పోయిన నెలే సోలో (ఒక్కదాన్నే ఎగరడం) అయింది. స్కూల్లో ఆడవాళ్లం ఇద్దరమే, ఆవిడ టైమూ నా టైమూ ఎప్పుడూ కలవవు. నైంటీ నైన్స్‌లో చేరు, స్టూడెంట్లని కూడా తీసుకుంటారు అని మా ఇన్‌స్ట్రక్టర్ అంటోంది. అక్కడ అసలేం చేస్తారు? కలిసి ఎక్కడికైనా వెళ్తారా?

గన్నవరం అక్క:
చేరిపో తల్లీ. నేను హ్యూస్టన్ వైపు, ఎనిమిదేళ్లయింది చేరి. 1929 నవంబర్ 2న న్యూయార్క్ దగ్గర కర్టిస్ ఫీల్డ్‌లో 26 మంది ఆడ పైలట్లు కలిసి మొదలుపెట్టారు, అప్పటికి అమెరికాలో లైసెన్స్ ఉన్న ఆడవాళ్లు 117 మందేనట, వాళ్లలో 99 మంది చేరారు, అదే పేరైంది. 1931లో మొదటి ప్రెసిడెంట్ పేరుమోసిన పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్.

మా మీటింగ్ అంటే హ్యాంగర్లో పాట్‌లక్, నేను పులిహోర పట్టుకెళ్తా. కానీ నాకు అన్నిటికన్నా ఇష్టం కంపాస్ రోజ్ వెయ్యడం. విమానంలో దిక్సూచి సరిచూసుకోడానికి ఎయిర్‌పోర్ట్‌లో నేల మీద వేసే పెద్ద గుర్తు అది, చుట్టుపక్కల ఇనుము లేని చోటు చూసి, అయస్కాంత ఉత్తరం ఎటో కొలిపించి వేస్తారు. పొద్దున్నే వెళ్లి సుద్ద తాడు లాగి వదిలితే గీత పడుతుంది, దాని వెంట టేపు అంటించి రోలర్‌తో తెల్ల పెయింట్, మధ్యాహ్నానికి మోకాళ్లు పట్టేస్తాయి. చిన్నప్పటినుంచీ ముగ్గులు వేసిన చెయ్యి కదా, గీత ఎక్కడా వంకర పోలేదు. నెల తర్వాత అక్కడే దిగుతుంటే పైనుంచి నా ముగ్గు కనిపించింది, కళ్లనీళ్లు తిరిగాయి.

పొలంగట్టు:
అక్కా సూపర్. నేను మెంబర్ని కాదు గానీ ఫ్రెండ్‌తో సెస్నా 172 అనే చిన్న విమానంలో ఆష్‌కాష్ ఎయిర్‌వెంచర్‌కి, అదే విస్కాన్సిన్‌లో ఏటా జరిగే పెద్ద విమానాల మేళాకి, వెళ్లొచ్చా. అక్కడ దిగాలంటే రిపన్ ఊరి నుంచి ఫిస్క్ ఊరి దాకా రైలు పట్టాల మీదుగా, 90 నాట్లు, 1800 అడుగులు, ముందు విమానానికి అర మైలు వెనక, అందరూ ఒకే వరసలో. మనం రేడియోలో మాట్లాడకూడదు, కింద కంట్రోలర్ విమానం రంగు చెప్పి రెక్కలు ఊపమంటాడు, ఊపితే అదే జవాబు. రన్‌వే మీద రంగు చుక్కలుంటాయి, ఏ చుక్క చెప్తే దాని మీదే దిగాలి. ఈ రూల్సన్నీ ఉండే ఎయిర్‌వెంచర్ నోటీసు మొత్తం రెండు మూడు సార్లు చదివి వెళ్లండి ప్లీజ్. రాత్రి రెక్క కింద టెంట్ వేసుకున్నాం, వాన పడితే పక్క టెంట్ న్యూజిలాండ్ దంపతులు లేచొచ్చి మా తాళ్లు బిగించారు, ఇప్పటికీ మాట్లాడుకుంటాం.

ఒమాహా పిన్ని:
మా చాప్టర్ (నైంటీ నైన్స్ మా ఊరి శాఖ) వాళ్లతో కాన్సస్‌లో ఆచిసన్ వెళ్దామనుకున్నాం, అక్కడ అమీలియా పుట్టిన ఇల్లు ఉంది, మ్యూజియంగా చేసి నైంటీ నైన్స్ వాళ్లే చూసుకుంటున్నారు. పొద్దున మబ్బు కిందకి దిగిపోయింది, నాకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (మబ్బుల్లో ఎగరడానికి కావాల్సిన అనుమతి) లేదు, అయినా ఎగురుదాం అనే అన్నా, ఎందుకంటే అందరూ తయారై వచ్చేశారు కదా. పెద్దావిడ ఒకామె ఏమీ అనకుండా నా చేతిలో తాళాలు తీసుకుని జేబులో వేసుకుంది. కార్లలో వెళ్లాం, దారంతా నవ్వులే. అలా తాళాలు లాక్కునే మనిషి మన పక్కన ఉండాలమ్మా, అందుకైనా చేరు.

డబ్బుల సంగతి కూడా, ప్రైవేట్ లైసెన్స్‌తో ఫ్రెండ్స్‌ని తీసుకెళ్తే పెట్రోలు, అద్దె పంచుకోవచ్చు గానీ మన వంతు మనం కట్టాల్సిందే, పూర్తిగా వాళ్లతో కట్టించకూడదు.

బేగంపేట రన్‌వే:
ఆడ పైలట్ల మాట వచ్చింది కాబట్టి, మన దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ గారికి ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేసే. ఇది మన పిల్లలకి చెప్పుకోవాలి.

కృష్ణఒడ్డు:
అందరికీ చాలా థాంక్స్, ఫారం నింపేశా, శనివారం మీటింగ్‌కి వెళ్తున్నా. అక్కా, మీరు ముగ్గేసిన ఎయిర్‌పోర్ట్ ఏదో చెప్పండి, నా లాంగ్ క్రాస్ కంట్రీ (ట్రైనింగ్‌లో ఒంటరిగా చేసే దూర ప్రయాణం) రూట్ ఇంకా వెయ్యలేదు, అటే పెట్టుకుంటా.