మామూలు ఇళ్లలో నెలకి నిజంగా ఎంత మిగులుతుంది?

ఇంటి లెక్క:
ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు. జీతాలు పడిన వారం ధైర్యంగానే ఉంటుంది కానీ ఇరవయ్యో తారీఖు దాటాక అకౌంట్ తెరిచి చూడాలంటేనే టెన్షన్. ఎక్కడ చదివినా ఆదాయంలో 20 శాతం దాచాలంటారు, కొందరైతే 30 అంటారు. మాకు వంద వస్తే అద్దెకి 30, తిండికీ ఇంటి సరుకులకీ 24, పిల్లల ఫీజులకీ బస్సుకీ 16, లోన్ వాయిదా 15, మందులు 5, కరెంటూ ఫోన్లూ పెట్రోలూ కలిపి 7. మిగిలేది 3. ఆ మూడూ రెండు నెలలు పోగయ్యేసరికి ఫ్రిజ్ ఆగిపోవడమో, అత్తగారికి ఏదో టెస్ట్ రాయడమో జరుగుతుంది, మళ్లీ మొదటికి. సినిమాలు, హోటళ్లు అంటూ తిరిగే మనుషులం కూడా కాదు. అందరూ అంతంత ఎలా దాస్తున్నారు? "ఖర్చులు తగ్గించుకోండి" అనే సలహా వద్దండీ, దయచేసి. మీ ఇళ్లలో నిజంగా ఎంత మిగులుతుందో చెప్పండి చాలు.

పెన్ను పేపరు:
ముందు ఆ 20 సంగతి చెప్తాను. అది 50-30-20 అనే సూత్రంలోంచి వచ్చింది. అవసరాలకి 50, కోరికలకి 30, పొదుపుకి 20 అని. 2005 ప్రాంతంలో అమెరికాలో బాగా ప్రచారంలోకి వచ్చింది. అది ఇలా ఉంటే బాగుంటుంది అని చెప్పిన మాటే గానీ ఇళ్లకి వెళ్లి కొలిచిన లెక్క కాదు. మీకు అద్దె, తిండి, ఫీజులు, మందులకే 75 పోతోంది. అలాంటప్పుడు ఆ సూత్రం మీ ఇంటికి మొదటి గీత దగ్గరే సరిపోలేదు, అందులో మీ తప్పేమీ లేదు.

ఇక వార్తల్లో "కుటుంబాల పొదుపు ఇంత శాతం" అని వచ్చేది వేరే లెక్క. దేశంలోని కుటుంబాలన్నిటికీ పన్నులు పోగా చేతికొచ్చిన ఆదాయమంతా కలిపి, అందులోంచి అందరి ఖర్చూ తీసేస్తే మిగిలేది అది. పది ఇళ్లు ఉన్నాయనుకోండి. తొమ్మిది ఇళ్లకి తలా వంద వస్తుంది, తలా 2 దాస్తాయి. పదో ఇంటికి తొమ్మిది వందలు వస్తాయి, 360 దాస్తుంది. మొత్తం ఆదాయం 1800, మొత్తం పొదుపు 378, అంటే 21 శాతం. పేపర్లో 21 అనే పడుతుంది, అది చదివిన తొమ్మిది ఇళ్ల వాళ్లూ మనమే వెనకబడ్డాం అనుకుంటారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. సగటు కాకుండా వరసలో సరిగ్గా మధ్యన నిలబడ్డ ఇల్లు ఎంత దాస్తోందో చెప్తే చదివేవాళ్లకి ఎంతో మేలు జరుగుతుంది.

అమెరికాలో ఫెడరల్ రిజర్వ్, అంటే అక్కడి కేంద్ర బ్యాంకు, 2013 నుంచి ఏటా ఒక ప్రశ్న అడుగుతోంది: ఉన్నట్టుండి 400 డాలర్ల ఖర్చు వస్తే చేతిలో డబ్బుతో కట్టగలరా అని. మొదటి ఏడాది అవునన్నది సుమారు సగం మందే. 2023లో 63 శాతం. అంత సంపన్న దేశంలో కూడా పదిమందిలో దాదాపు నలుగురికి అది చేతి డబ్బుతో తీరే ఖర్చు కాదు. మీరు ఒంటరి కారండీ.

మా ఇంట్లో ఎంతంటారా, పోయిన ఏడాది మొత్తం మీద వందకి 6.

తూనిక:
మీ లెక్కలో ఒకటి తప్పిపోయింది. లోన్ వాయిదా 15 మొత్తాన్ని ఖర్చులో వేశారు. అందులో వడ్డీ మాత్రమే ఖర్చు, అసలుకి పోయేది మీ అప్పు తగ్గడం, అంటే లెక్క ప్రకారం పొదుపే. జాతీయ లెక్కలు వేసేవాళ్లూ అలాగే చూస్తారు. అప్పు మొదట్లో వాయిదాలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది, ముఖ్యంగా ఏళ్ల తరబడి కట్టే పెద్ద లోన్లలో. చివరికి వచ్చేకొద్దీ అసలు వాటా పెరుగుతుంది. స్టేట్‌మెంట్‌లో ప్రతి వాయిదాకీ ఈ రెండూ విడివిడిగా ఉంటాయి, ఒకసారి తీసి చూడండి. అలాగే జీతంలోంచి ముందే కోసేసే పెన్షన్ లాంటిది ఏమైనా ఉంటే అదీ కలపాలి, చేతికొచ్చిన జీతంతో లెక్క మొదలుపెడితే అది కనబడకుండా పోతుంది.

రంగుల పని:
పైన చెప్పింది లెక్కకి కరెక్టే కావచ్చు కానీ రాత్రి పదింటికి ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబడినప్పుడు "నా అప్పు తగ్గిందండీ" అంటే లోపలికి పంపరు. చేతికి అందే డబ్బు వేరు, అప్పు తగ్గడం వేరు. రెండూ అవసరమే, ఒకదాన్ని చూసుకుని రెండోదాన్ని మర్చిపోకూడదు.

మాది నెల జీతం ఉన్న ఇల్లు కాదు. నేను ఇళ్లకి రంగులు వేస్తాను. ఎండలు ఉన్నన్నాళ్లూ ఊపిరి సలపనంత పని, వానలు మొదలయ్యాక గోడ ఆరదు, పని ఉండదు. పని ఉన్న నెలల్లో వందకి 30 పక్కన పెడతాం, ఒక్కో నెల 40 కూడా. వానాకాలంలో అదంతా తింటాం. ఏడాది చివర చూస్తే దాదాపు సున్నా. మమ్మల్ని ఎవరైనా సర్వే చేస్తే పొదుపు లేని ఇల్లు అని రాసుకుంటారు. కానీ ఆ నాలుగు నెలలూ ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా గడిచిందంటే ఆ డబ్బు వల్లే కదా. అంత దాచి, అంతా వాడుకున్న ఇంటిని పొదుపు లేదనడం నాకు న్యాయంగా అనిపించదు. ఫ్రిజ్ కోసం, టెస్టుల కోసం మీ మూడు వాడేశామని బాధపడుతున్నారు. అది దాచుకుందే అందుకు కదండీ. ఆ నెల మీరు అప్పు చేయలేదు.

పెన్ను పేపరు:
చాలా బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతాను, నెల చూసి తేల్చుకోకూడదు, ఆ మాటకొస్తే ఏడాది చూసినా చాలదు. ఫ్రాంకో మోదిగ్లియాని అనే ఆర్థికవేత్తకి 1985లో నోబెల్ వచ్చింది. మనుషులు సంపాదన మొదలైన కొత్తలో తక్కువ, నడివయసులో ఎక్కువ దాచి, పని మానేశాక దాన్ని వాడుకుంటారని, జీవితం మొత్తం పొడవునా చూడాలని ఆయన వాదించిన దానికి కూడా కలిపి. పిల్లల ఫీజులు, పెద్దావిడ మందులు, లోన్ మూడూ ఒకేసారి మీద పడ్డ దశలో ఉన్నారు మీరు. ఇదే ఇల్లు పదేళ్ల తర్వాత ఇలా ఉండదు.

తూనిక:
సలహా వద్దన్నారు కానీ ఖర్చు తగ్గించుకోమనేది కాదు కాబట్టి చెప్తున్నాను. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్‌జి అని ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఒక కంపెనీలో ఉద్యోగులని ఇప్పటి జీతంలోంచి దాచమని అడగలేదు, ఇకముందు జీతం పెరిగినప్పుడల్లా ఆ పెరిగిన దాంట్లో కొంత పొదుపుకి పోయేలా ముందే ఒప్పుకోమన్నారు. చేతికొచ్చేది ఎప్పుడూ తగ్గదు కాబట్టి ఎవరికీ కష్టం అనిపించలేదు. అలా ఒప్పుకున్నవాళ్ల పొదుపు 40 నెలల్లో 3.5 శాతం నుంచి 13.6కి వెళ్లింది. మొదలైంది దాదాపు మీ అంకె దగ్గరే. ఇది జీతం పెరిగే ఉద్యోగాలకే పని చేస్తుంది, రంగుల పని చేసే అన్నగారికి ఇది చెప్పలేను.

ఇంటి లెక్క:
అందరికీ చాలా థాంక్స్ అండీ. రాత్రి మా ఆయనా నేనూ కూర్చుని లోన్ స్టేట్‌మెంట్ తీశాం. పదిహేనులో అసలుకి 12 పోతోంది, వడ్డీ 3 మాత్రమే. ఏడాదిన్నరలో తీరిపోతుంది. ఇన్నాళ్లూ ఆ వాయిదా కట్టినప్పుడల్లా డబ్బు పోయిందనే అనుకునేవాళ్లం. అన్నగారూ, మీరు చెప్పినట్టు చేతికి అందే డబ్బు మాత్రం ఇప్పటికీ ఆ మూడే, అది నిజం. అందుకే ఒకటి అడగాలని. లోన్ తీరాక ఆ 15లో 10 ప్రతి నెలా వేరే అకౌంట్‌కి దానంతట అదే వెళ్లిపోవాలి. ఇప్పుడే పెట్టేయవచ్చా, లేక అప్పటిదాకా ఆగాలా?

తూనిక:
మొదలయ్యే తేదీ ముందుకు వేసి పెట్టుకునే వీలు చాలా బ్యాంకుల్లో ఉంటుంది. చివరి వాయిదా పడే తేదీ చూసి, మరుసటి నెల జీతం వచ్చిన మర్నాడు మొదలయ్యేలా పెట్టండి. ఆ రెండో అకౌంట్‌కి కార్డు తీసుకోకండి. కానీ డబ్బు ఒక్క రోజులో వెనక్కి తెచ్చుకునేలా ఉండాలి, అత్తగారి ఆరోగ్యం దృష్ట్యా.

రంగుల పని:
ఒక్క రోజు కూడా వద్దండీ, అదే గంటలో వచ్చేలా చూసుకోండి.