వియన్నగమా, వియన్నాగమా?

ప్రశ్న: మా తాతగారు చదరంగం బల్ల ముందు కూర్చుని చదివే పద్యం రెండు రోజులుగా నాలుక మీద ఆడుతోంది.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఇక్కడ ఆగిపోతున్నాను. నాలుగో పాదం ఎవరికైనా వచ్చా? తాతగారు మాత్రం "వియన్నాగాగ్ని" అనేవారు.

పద్యాభిమాని: గణితకవి పావులూరి మల్లన పద్యం! ఇందులో ఒక్కో మాట ఒక్కో అంకెకు గుర్తు. నాగం కాదండీ, నగం, అంటే కొండ, ఏడు. చంపకమాలలో ఆరోది జగణం (లఘువు, గురువు, లఘువు). "వియన్న" అంటే సరిపోతుంది, "వియన్నా" అంటే యగణమై పాదం కుంటుతుంది.

బాపట్ల పాఠకురాలు: గణం సంగతి ఒప్పుకుంటాను. కానీ నాగం అంటే ఎనిమిది, అదీ సంఖ్యాశబ్దమే. కుంజరం వాడిన కవి నాగం ఎందుకు వాడకూడదు?

లెక్కల మాస్టారు: లెక్క ఒప్పుకోదమ్మా. అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చండి: 1,84,46,74,40,73,70,95,51,615. చదరంగం అరవై నాలుగు గళ్ళలో ఒక గింజతో మొదలుపెట్టి రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం ఇదే, అంటే రెండు 64వ ఘాతానికి ఒకటి తక్కువ. ఇది మూడుతో భాగింపబడి తీరాలి. అంకెల మొత్తం 87, బాగానే ఉంది. నగం తీసి నాగం పెడితే 88 అవుతుంది, మూడుతో పోదు.

బాపట్ల పాఠకురాలు: మరి అబ్ధి, పయోనిధి? సముద్రాలు ఏడు కదా!

లెక్కల మాస్టారు: నాలుగుకు బదులు రెండూ ఏడు చేస్తే 93, మూడుతో పోతుంది. కానీ తొమ్మిదితో భాగిస్తే శేషం 6 రావాలి. 93కి 3 వస్తుంది. ఒక్కదాన్నే ఏడు చేస్తే 90, శేషం సున్నా. కాబట్టి ఇక్కడ సముద్రాలు నాలుగే.

పద్యాభిమాని: మాస్టారూ, వేద, గిరి తారుమారైనా మీ మొత్తం మారదు. ఆ పరీక్షకు వరస తెలియదు. వరసను కాపాడేది ఛందస్సే: "గిరి వేద" అంటే గణం తప్పుతుంది.

లెక్కల మాస్టారు: నిజమే. అందుకే 641తో కూడా భాగించి చూశాను, శేషం లేకుండా పోయింది. రెండు 32వ ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యకు 641 కారణాంకమని 1732లో ఆయిలర్ కనిపెట్టాడు. మన సంఖ్య ఆ సంఖ్యతో భాగింపబడుతుంది, కాబట్టి 641తోనూ పోవాలి.

పద్యాభిమాని: నన్ను కట్టిపడేసేది వేరే. ఒకటి మూడుసార్లు వస్తే శశి, చంద్ర, తుహినాంశు. ఏడు మూడుసార్లు వస్తే నగ, భూధర, గిరి. నాలుగు నాలుగుసార్లు వస్తే అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య. ఒక్క శరమే రెండుసార్లు. ఇరవై అంకెల్ని వరస తప్పకుండా నడుపుతూ, మొదటి పాదంలో శకారానికి "సా" యతి కూడా కుదిర్చాడు మల్లన!

ప్రశ్న అడిగినవారు: తాతగారు రాగం కోసం "నా" అని సాగదీసేవారేమో. అయినా నా చెవిలో అదే ఉంది. నాలుగో పాదం?

బాపట్ల పాఠకురాలు: మూడో పాదం "గేహ వి" దగ్గర ముగిసి, "స్తర" అని మొదలవుతుంది. తరువాత "రెట్టి" అనే మాట ఉందని గుర్తు. అది రెట్టింపా, హెచ్చవేతా?