7075 అల్యూమినియం వైర్ కట్‌లో వైరు తెగుతోంది, ఎల్9 రన్స్ ఎలా పూర్తి చెయ్యాలి?

మెక్_పీజీ:
అన్నలూ, ఎంటెక్ ప్రాజెక్టుకి 7075 అల్యూమినియం మీద వైర్ ఈడీఎం (కరెంటు పెట్టిన వైరు నుంచి పడే స్పార్కులతో మెటల్ కొయ్యడం) చేస్తున్నా. 20 ఎంఎం ప్లేటు, 0.25 ఇత్తడి వైరు, డీఅయొనైజ్డ్ నీళ్లు. టాన్ (స్పార్క్ ఆన్ ఉండే టైమ్), టాఫ్ (రెండు స్పార్కుల మధ్య ఆగే టైమ్), సర్వో వోల్టేజ్ (వైరుకీ ప్లేటుకీ మధ్య గ్యాప్ నిలిపేది), వైర్ ఫీడ్ (వైరు కదిలే స్పీడు) మూడేసి లెవెల్స్, ఎల్9 (తొమ్మిది రన్స్ టగూచి టేబుల్). వాల్యూస్ టైటానియం చేసిన సీనియర్ ఇచ్చినవే. టాన్ పై లెవెల్‌కి పోగానే వైరు టప్‌మని తెగుతోంది, తగ్గిస్తే నత్తనడక. గైడ్ గారేమో స్పీడూ ఫినిషూ రెండూ బెస్ట్ వచ్చే ఒక్క సెట్టింగ్ కావాలంటున్నారు.

బాలానగర్_టూల్‌రూమ్:
తమ్మీ, టైటానియం వాల్యూస్ దీనికి పనికిరావు. మెటల్ ఎంత గట్టిదన్నది స్పార్క్‌కి లెక్కే కాదు, వేడి ఎటు పోతదన్నదే లెక్క. థర్మల్ కండక్టివిటీ (వేడి ఎంత జల్ది పాకుతదన్నది) గ్రేడ్ 5 టైటానియంది 7 దరిదాపు, 7075ది 130 (వాట్స్ పర్ మీటర్ కెల్విన్‌ల). కానీ 7075 480 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడతది కాబట్టి ఒక్కో స్పార్కుకి మస్తు మెటల్ లేస్తది, ఆ చెత్త గ్యాప్‌లకెల్లి బయటికి రాకపోతే మళ్లీ మళ్లీ ఆడనే స్పార్క్ పడి వైరు తెగుతది. టాన్ ముట్టుకోకు, ముందు టాఫ్ పెంచి చూడు. కింది వైర్ గైడ్ (వైరుని చోటుల నిలబెట్టే భాగం) విప్పు, బూడిదరంగు పేస్టు లెక్క పట్టి ఉంటది, అది అల్యూమినా, కరెంట్ ఇచ్చే కార్బైడ్ కాంటాక్టుని గీతలు పడేదాకా అరగదీస్తది, దాన్ని కొంచెం జరిపి కొత్త చోటు వైరుకి ఆనేటట్టు పెట్టు. ఫిల్టరూ, నీళ్లని డీఅయొనైజ్ చేసే రెజినూ కూడా స్టీల్ కంటే జల్ది ఖరాబైతయి. నీళ్లు కొట్టే నాజిల్ ప్లేటుకి ఎంత దూరం పెట్టినవ్?

మెక్_పీజీ:
ఐదారు ఎంఎం పైనుంది అన్నా, క్లాంప్ అడ్డమొస్తోంది.

బాలానగర్_టూల్‌రూమ్:
ఇగ అదే. నీళ్లు కోతలోకి పోకుండా ప్లేటు మీద చిమ్ముతున్నయి. క్లాంప్ పక్కకి పెట్టి నాజిల్ దాదాపు ఆనేంత దించు.

లెక్కల_మాస్టారు:
అవన్నీ సరిచేశాక కూడా ఒక చిక్కుందండీ. ఎల్9లో నాలుగు కాలమ్స్ నాలుగు ఫ్యాక్టర్స్‌కీ సరిపోయాయి, రన్‌కి ఒక్క రీడింగే తీస్తే ఎర్రర్‌కి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (దాన్ని అంచనా వెయ్యడానికి మిగిలే సమాచారం) సున్నా, ఇక అనోవాలో (ఏ ఫ్యాక్టర్ ప్రభావం నిజమో తేల్చే లెక్క) ఎఫ్ వాల్యూ, అంటే ఫ్యాక్టర్ ప్రభావానికీ ఎర్రర్‌కీ ఉన్న నిష్పత్తి, ఎక్కణ్ణుంచి వస్తుంది? టాన్, టాఫ్ ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకునేవే, అది ఈ టేబుల్‌లో కనిపించదు. రన్స్ రిపీట్ చెయ్యండి, వరస కలిపెయ్యండి, ప్రతి రన్ ముందు నీళ్ల కండక్టివిటీ రాసుకోండి, లేకపోతే ఫిల్టర్ పాడైన ఫలితం టాఫ్ ఖాతాలో పడుతుంది. వైరు తెగిన రన్‌కి సున్నా వెయ్యకండి, టాన్ పై లెవెల్ దించి మొత్తం మళ్లీ చెయ్యండి. ఒక్క సెట్టింగ్ అంటారా, గ్రే రిలేషనల్ (స్పీడూ ఫినిషూ కలిపి ఒక్క స్కోరు చేసే పద్ధతి) పెడితే వస్తుంది గానీ మీరిచ్చిన వెయిటేజీని బట్టి మారిపోతుంది.

బాలానగర్_టూల్‌రూమ్:
షాపుల ఒక్క సెట్టింగ్‌తోని ఎవడు చేస్తడు మాస్టారూ? స్పీడుకి రఫ్ కట్, తర్వాత ఆఫ్‌సెట్ (కోత గీతకి వైరు ఉండే దూరం) తగ్గించి, ఎనర్జీ తగ్గించి ఫినిష్ కోసం ఒకటో రెండో సన్న స్కిమ్ కట్లు. థీసిస్‌ల రెండు టేబుల్స్ పెట్టు తమ్మీ, సార్‌కి మేం చెప్పినమను.

కొత్త_కుర్రాడు:
ఇదే మెషీన్ మీద ఏజెడ్31 అనే మెగ్నీషియం అల్లాయ్ చెయ్యొచ్చా?

బాలానగర్_టూల్‌రూమ్:
ఓనర్‌ని అడగకుండా ఎక్కించకు. నీళ్లతోని హైడ్రోజన్ వస్తది, ఫిల్టర్ల పట్టిన సన్న పొడి ఎండితే అంటుకుంటది, అంటుకున్నంక నీళ్లు పోస్తే ఇంకా లేస్తది. పక్కన పొడి ఇసుక ఉండాలె.